హార్ష్ అంటే కఠినమేనా? సబ్బు దగ్గర ఇరుక్కుపోయాను

అచ్చుతప్పు:
ఒక ఇంగ్లిష్ నవల అనువదిస్తున్నాను. రచయిత్రికి 'హార్ష్' అన్న మాట మీద ఎక్కడలేని మోజు. గొంతు హార్ష్, వెలుతురు హార్ష్, చలి హార్ష్, తండ్రి హార్ష్, ఆఖరికి బట్టల సబ్బు కూడా హార్షే. నేను ఆలోచించకుండా మొదటి వంద పేజీల్లో అన్నిచోట్లా 'కఠినమైన' అని రాసుకుంటూ పోయాను. నిన్న అమ్మకు చదివి వినిపిస్తుంటే 'కఠినమైన సబ్బు' దగ్గర ఆపి, "అదేం సబ్బే, అరగదా?" అంది.

నిఘంటువు తీస్తే కాఠిన్యం, కర్కశత్వం, పారుష్యం, కటుత్వం, నైష్ఠుర్యం అని వరసగా నిలబెట్టాడు గానీ తేడా చెప్పలేదు. ఏది ఎక్కడ వాడాలి? ముఖ్యంగా ఆ తండ్రి దగ్గర ఆగిపోయాను. కొట్టడు, తిట్టడు. కొడుకు పరీక్ష పాసయ్యానని వచ్చి చెబితే "సరే" అని పేపర్లో తల దూర్చేస్తాడు. ఇది ఏ కోవలోకి వస్తుంది?

పాతపలక:
అమ్మా, ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి, కాస్త సాగదీస్తాను, ఏమనుకోకండి.

కఠినం అంటే లొంగనిది. రాయి, నియమం, కఠిన కారాగార శిక్ష. మీ అమ్మగారు పట్టింది సరిగ్గా అదే. కర్కశం గీరుకునేది. గరుకుతనం చేతికి తెలిసినట్టు ఇది చెవికి తెలుస్తుంది, కాబట్టి గొంతుకు అతుకుతుంది. పరుషం మాత్రం ఇప్పుడు దాదాపు మాటలకే మిగిలింది. వ్యాకరణంలో క చ ట త ప లు పరుషాలు, గ జ డ ద బ లు సరళాలు అని చదివే ఉంటారు. గొంతు మీద వేలు పెట్టుకుని 'గ' అనండి, అదురుతుంది. 'క' దగ్గర ఆ అదురు ఉండదు. గీత 16వ అధ్యాయంలో ఆసుర లక్షణాలు చెబుతూ క్రోధాన్నీ పారుష్యాన్నీ విడివిడిగా లెక్కపెట్టారు. అంటే కోపం లేకుండా కూడా పరుషంగా ఉండొచ్చన్నమాట.

కటువు సంగతి సరదాగా ఉంటుంది. షడ్రుచుల్లో కటు అంటే కారం. చేదు కాదు, చేదు తిక్తం. మా క్లాసులో సగం మంది చేదనే రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్ళు. కటువైన మాట అంటే వినగానే మండేది.

నిష్ఠురం జోలికి మాత్రం వెళ్ళకండి. సంస్కృతంలో ఏమైనా, మనకది నిష్ఠూరమై, దెప్పిపొడుపు అయి కూర్చుంది. "నిష్ఠూరంగా మాట్లాడాడు" అంటే పాపం అతనికేదో మనసు నొచ్చింది అనుకుంటారు.

తండ్రికి 'ముభావం' చూడండి.

మిక్సింగ్‌మామ:
నేను పాటల మిక్సింగ్ చేస్తాను. మాకు హార్ష్ అంటే ఇంచుమించు ఒక చోటు ఉంది. 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య మోత ఎక్కువైతే ఆ గొంతు హార్ష్ అంటాం. మనిషి చెవి అక్కడే బాగా చురుకు. వాల్యూమ్ తగ్గించినా ఏదో పొడుస్తున్నట్టే ఉంటుంది. కానీ స్టూడియోలో కర్కశం అన్నవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. "గుచ్చుతోందిరా, అక్కడ కొంచెం కొయ్యి" అంటాం, అంతే. కార్ల వాళ్ళకైతే ఎన్‌వీహెచ్ అని ఉంది: నాయిస్, వైబ్రేషన్, హార్ష్‌నెస్. మొదటి రెండూ మీటరు పెట్టి కొలుస్తారు, మూడోదానికి ఎక్కువగా సీట్లో కూర్చున్నవాడి నడుమునే అడగాలి.

అందుకని నన్నడిగితే విశేషణం వెతక్కండి. అది ఏం చేస్తోందో రాయండి.

అచ్చుతప్పు:
మామగారూ, ఇది పనికొచ్చింది. వెలుతురు 'కళ్ళలో గుచ్చుకునేది', చలి 'ఎముకలు కొరికేది', సబ్బు 'చేతులు పగలగొట్టేది' అయిపోయాయి. గొంతుకు మాస్టారి కర్కశమే ఉంచాను.

మాస్టారూ, ముభావం మాత్రం కుదరడం లేదు. ముభావంగా ఉండేవాడి మీద మనకు కోపం రాదు, వాడి తీరే అంత అనుకుంటాం. ఈయన తెలిసే చేస్తున్నాడు. కొడుకు గుమ్మం దాటాక పేపరు దించి అటు చూస్తాడు కూడా.

పాతపలక:
ఆ దించి చూడటం ముందే చెప్పొద్దూ! అయితే 'కరకు'. రాయికీ గుండెకీ రెంటికీ వాడతాం. కఠినుడు అంటే తీర్పు చెప్పేసినట్టుంటుంది. కరకు మనిషి అంటే లోపల ఇంకేమైనా ఉందేమోనన్న అనుమానం మిగులుతుంది. నాకలా తోస్తుంది, మరొకరు కాదనొచ్చు.

మిక్సింగ్‌మామ:
నేను కాదంటాను. "సరే" అన్నాడు, పేపరు ఎత్తాడు. ఇంకా మాట దేనికి?

అచ్చుతప్పు:
మూలంలో ఉన్న మాట ఏమైందని ఎడిటర్ అడుగుతారు కదా! 'కరకు మనిషి' అనే రాశాను. అమ్మ ఈసారి ఆపలేదు. ఇక మొదటి వంద పేజీల్లో 'కఠిన' అని వెతికితే అరవై మూడు తేలాయి. ఒక్కొక్కటే దిద్దుతున్నాను. కారాగార శిక్ష ఒక్కటి వదిలేశాను.