మూడేళ్ల పిల్లాడికి రాత మొదలుపెట్టాలా, ఆడుకోనివ్వాలా?

రాజాం అమ్మ:
మా బాబుకి మూడేళ్లు నిండాయి. వాళ్ల నాన్న హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి వెళ్లారు, నేను అత్తమామల దగ్గర ఉంటున్నాను. ఇక్కడొక ప్రైవేటు స్కూల్ వాళ్లు నర్సరీ నుంచే ఏబీసీడీలు, అంకెలు రాయిస్తామని, రోజూ హోమ్‌వర్క్ ఇస్తామని చెబుతున్నారు. మా అత్తయ్యేమో వీధి చివర అంగన్‌వాడీకి పంపమంటోంది. మెదడు ఎదుగుదల 85 శాతం ఆరేళ్లలోపే అయిపోతుందని మా ఆయన ఎక్కడో విన్నారు. ఇప్పుడే గట్టిగా చదివించకపోతే తర్వాత ఎక్కదని ఆయన పట్టుదల. అదే మాట నేనూ విన్నాను, నాకు మాత్రం అలా అర్థం కాలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

చీపురుపల్లి నాన్న:
నర్సరీలో వేసేయండి చెల్లీ. నేను డిగ్రీ వరకు తెలుగు మీడియం. ఇంటర్వ్యూలో ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు మాట్లాడలేక ఉద్యోగం పోగొట్టుకున్నవాణ్ణి. ఫిన్‌లాండ్‌లో ఏడేళ్లకి బడికి పంపుతారని అందరూ గొప్పగా చెబుతారు. అక్కడ ఐదో తరగతి పిల్లాడు నవోదయ పరీక్ష రాయక్కర్లేదు కదా. మన జిల్లాల్లో కూలికి వలసపోయే ఇళ్ల పిల్లలు పైకి రావాలంటే చదువు తప్ప దారి లేదు. అది ఎంత ముందు మొదలైతే అంత మంచిది.

బొబ్బిలి పిల్లల డాక్టర్:
ఆ 85 శాతం మాట 2020 జాతీయ విద్యా విధానంలో ఉంది. చిన్నపిల్లల చదువు ఆటపాటలతో, చేతులతో చేసే పనులతో సాగాలని కూడా అందులోనే ఉంది. రెండోది ఎవరూ చెప్పడం లేదు.

పుట్టినప్పుడు బిడ్డ మెదడు 350 నుంచి 400 గ్రాములు ఉంటుంది. పెద్దవాళ్లది 1,300 నుంచి 1,400. మూడేళ్లకే దాదాపు 80 శాతం పరిమాణం వచ్చేస్తుంది. పెరిగేది ముఖ్యంగా నాడీకణాల మధ్య లింకులు, కణాల తోకల చుట్టూ పట్టే కొవ్వు పొర. తొలి ఏళ్లలో సెకనుకు పది లక్షలకు పైగా కొత్త లింకులు ఏర్పడతాయని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పిల్లల ఎదుగుదల మీద పనిచేసే కేంద్రం చెబుతోంది. వాడుకలో ఉన్నవి గట్టిపడతాయి, మిగిలినవి క్రమంగా పోతాయి. పిల్లాడు కాకిని చూపించి "అదేటి?" అంటే మీరు బదులిస్తారు, వాడు మళ్లీ అడుగుతాడు, మీరు మళ్లీ చెబుతారు. ఈ వయసు మెదడుకి కావాల్సిన పాఠం ఇదే. అక్షరాన్ని యాభై సార్లు దిద్దడంలో ఇలా అడగడం, బదులు రావడం లేదు.

మెదడు అన్ని వైపులా ఒకేసారి తయారవదు. చూపు, వినికిడి ముందు కుదురుతాయి, తర్వాత మాట. కుదురుగా కూర్చోవడం, కోపం ఆపుకోవడం, చెప్పింది గుర్తుపెట్టుకుని చేయడం నుదుటి వెనక ఉండే భాగం పనులు. అది పూర్తిగా తయారయ్యేసరికి పాతికేళ్లు వస్తాయి. అందుకే మూడేళ్ల పిల్లాడు బెంచీ మీద ముప్పావుగంట కూర్చోకపోతే అది మొండితనం కాదు. వాణ్ణి కొడితే, భయపెడితే మెదడు భయం నుంచి తప్పించుకునే పనిలో పడుతుంది, నేర్చుకునే పని ఆగుతుంది.

చేతి సంగతి కూడా చూడండి. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడేళ్ల పిల్లాడికి ఎక్స్‌రే తీస్తే సగానికి మించి కనిపించవు, మిగతావి ఇంకా మెత్తగానే ఉంటాయి. పెన్సిల్ పట్టు ఐదారేళ్లకి కుదురుతుంది. అప్పటిదాకా మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, చింతపిక్కలు ఏరడం ఆ వేళ్లకి మంచి సాధన.

ఇంకో మాట. నా దగ్గరికొచ్చే పిల్లల్లో రక్తహీనత చాలా ఎక్కువ. ఐరన్ తక్కువైతే ఆ కొవ్వు పొర సరిగ్గా పట్టదు, చురుకుదనం తగ్గుతుంది. ఏ స్కూల్ అని ఆలోచించే ముందు బాబుకి రక్తపరీక్ష చేయించండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల పిల్లలకి వారానికి రెండుసార్లు వేసే ఐరన్ సిరప్ ఆశా కార్యకర్త ద్వారా అందుతుంది, అడగండి. అన్నంతో పాటు టీ మాత్రం ఇవ్వకండి, ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర ఉండాలి.

చీపురుపల్లి నాన్న:
డాక్టర్ గారూ, మీరు చెప్పింది కాదనను. కానీ అంగన్‌వాడీలో ఈ మాటా ముచ్చటా ఉంటాయా? మా వీధిలో సెంటర్‌కి వెళ్లి చూశాను. పిల్లలకి గుడ్డు పెట్టి పడుకోబెడతారు. టీచరమ్మ ఫోన్‌లో వివరాలు ఎక్కించుకుంటూ ఉంటుంది. దానికన్నా బెంచీయే నయం కాదా?

ఆమదాలవలస అంగన్‌వాడీ టీచర్:
ఫోన్ పని నిజమే అన్నయ్యా. పోషణ్ ట్రాకర్‌లో హాజరు, బరువులు, ఎత్తులు ఎక్కించాలి. గర్భిణులు, బాలింతల లెక్కలూ మావే. అందరికీ ఒక్క టీచర్, ఒక్క ఆయా. ఇంకో మనిషిని ఇస్తే చాలా మారుతుందని మేం ఎప్పటినుంచో అడుగుతున్నాం. అయినా గుడ్డు పెట్టడాన్ని చిన్నచూపు చూడకండి. ఇంట్లో రోజూ గుడ్డు దొరకని పిల్లలు నా సెంటర్‌లో ఉన్నారు.

పొద్దున్నంతా మేం చేసేది ఆటే. రంగుల వారీగా పిక్కలు వేరుచేయిస్తాం, కథ సగం చెప్పి తర్వాత ఏమవుతుందో అడుగుతాం, గుజ్జనగూళ్లు ఆడిస్తాం. ఇంటి యాసలోనే మాట్లాడతాం కాబట్టి కొత్త పిల్లలు కూడా తొందరగా నోరు విప్పుతారు. రాజాం చెల్లీ, ముందు మీ సెంటర్‌కి ఒక పూట వెళ్లి కూర్చోండి. టీచర్ పిల్లల పక్కన కింద కూర్చుని మాట్లాడుతుంటే పంపండి. అరుస్తుంటే పంపొద్దు.

పాలకొండ మేష్టారు:
ఇంటి భాష గురించి ఆ అమ్మాయి చెప్పింది బంగారం లాంటి మాట. నేను సీతంపేట ఏజెన్సీ బడుల్లో పనిచేసి రిటైరయ్యాను. సవర ఇంటి నుంచి వచ్చిన పిల్లలకి మొదటి రోజే తెలుగు వాచకం ఇస్తే నెలల తరబడి మౌనంగా ఉండేవారు. వాళ్ల భాష వచ్చిన కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టగానే ప్రశ్నలు అడిగేవారు. మన శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు వందేళ్ల కిందటే ఈ సంగతి గ్రహించి, సవర నేర్చుకుని, వాళ్లకి ఆ భాషలోనే పుస్తకాలు రాసి బడులు పెట్టారు. చీపురుపల్లి బాబూ, ఇంగ్లిష్ వద్దని కాదు. సొంత భాషలో ఆలోచన కుదిరిన పిల్లాడికి రెండో భాష నిలుస్తుంది.

రణస్థలం స్టూడెంట్ (సైకాలజీ):
రెండు అధ్యయనాలు చెప్తాను. జమైకాలో 1986, 87 ప్రాంతంలో ఎదుగుదల ఆగిన చిన్నపిల్లల ఇళ్లకి ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ల పాటు వారం వారం వెళ్లారు. ఇంట్లో ఉన్న వస్తువులతో చేసిన బొమ్మలతో పిల్లలతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లులకి చూపించారు. 20 ఏళ్ల తర్వాత చూస్తే ఆ పిల్లల సంపాదన, అలాంటి సాయం అందని పిల్లలకన్నా 25 శాతం ఎక్కువ. ఇటు అమెరికాలోని టెన్నెసీలో నాలుగేళ్ల పిల్లల ప్రభుత్వ ప్రీ-స్కూల్‌ని పరిశీలించారు. ఆరో తరగతికి వచ్చేసరికి అందులో చదివిన పిల్లలు, సీటు రానివాళ్లకన్నా వెనకబడ్డారు. ఆ ఫలితాలు 2022లో వచ్చాయి. అంటే ముందుగా పంపడం ఒక్కటే సరిపోదు. అక్కడ ఏం జరుగుతుందన్నదే అసలు విషయం.

పలాస తల్లి:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. శ్రీకాకుళంలో మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్ క్లాసులట, కళ్లకి గంతలు కట్టి చదివిస్తారట. ఫీజు వేలల్లో ఉంది. పనికొస్తుందా?

బొబ్బిలి పిల్లల డాక్టర్:
కట్టకండమ్మా. మిడ్ బ్రెయిన్ పుట్టుకతోనే పనిచేస్తూ ఉంటుంది. కళ్ల కదలిక, చప్పుడుకి తల తిప్పడం లాంటివి చూసుకుంటుంది. దాన్ని కొత్తగా ఎవరూ లేపక్కర్లేదు. గంతల్లో ముక్కు పక్క నుంచి కనిపించే సందుతో చదువుతారు. ఆ డబ్బు పాలకి, గుడ్లకి పెట్టండి.

చీపురుపల్లి నాన్న:
జమైకా సంగతి నాకు నచ్చింది, తల్లికి నేర్పడం అనేది మన దగ్గర కూడా జరిగే పని. రాత విషయంలో డాక్టర్ గారితో ఏకీభవిస్తాను. ఇంగ్లిష్ మాత్రం వదలను. అక్షరాలు దిద్దించకుండా కథలు, పాటలు వినిపించే నర్సరీ దొరికితే అంగన్‌వాడీ కన్నా దానికే నా ఓటు. దూరమెంత, వ్యాన్‌లో ఎంతసేపు అన్నది చూసుకోండి, ఆ ప్రయాణానికే పిల్లలు వాడిపోతారు.

రాజాం అమ్మ:
అందరికీ నమస్కారం. స్కూల్‌కి ఫోన్ చేసి, రాత లేకుండా పంపొచ్చా అని అడిగాను. కుదరదు, మిగతా తల్లిదండ్రులు ఒప్పుకోరు అన్నారు. అందుకని ఈ ఏడాదికి అంగన్‌వాడీ. మేష్టారు, డాక్టర్ గారు చెప్పినవి మా ఆయనకి చదివి వినిపించాను. నర్సరీ చదవకపోతే వచ్చే జూన్‌లో ఎల్‌కేజీ సీటు ఇవ్వరేమోనని ఆయన టెన్షన్. రాత్రిళ్లు వీడియో కాల్‌లో బాబుతో ఏం మాట్లాడాలో తెలియడం లేదంటున్నారు.

ఆమదాలవలస అంగన్‌వాడీ టీచర్:
ఎల్‌కేజీ సీటుకి భయం లేదు చెల్లీ. మా సెంటర్ నుంచి నేరుగా వెళ్లిన పిల్లలున్నారు. బాబు ఆ రోజు ఏం తిన్నాడో, ఎవరితో ఆడాడో మీరు ముందుగా మీ ఆయనకి చెప్పి ఉంచండి. కాల్‌లో ఆయన ఆ సంగతే అడిగితే మాట తెగదు.