ఆన్‌లైన్ ఆపారు సరే, ఇంట్లో ఆడుకునేది కూడా ఆపొచ్చా?

అంతర్వేది నుంచి:
నమస్కారమండి. మా బావ కువైట్ నుంచి వస్తూ సెకండ్‌హ్యాండ్ గేమ్ కన్సోల్ తెచ్చాడు. కంపెనీ పేరు రాయను. తెలియక నెట్‌కి కలిపాను, మర్నాటికల్లా ఆన్‌లైన్ బంద్. మూత తీసి చూస్తే బోర్డు మీద వెంట్రుకంత సన్నటి వైర్లతో, కాపీ గేములు ఆడించే చిన్న చిప్పు అతికించి ఉంది. ముందు వాడినవాళ్ల పని. సర్వర్లు కంపెనీవి, ఆన్‌లైన్ పోయినందుకు నాకు కోపం లేదు. కానీ డిస్కులో గేమ్‌ని హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించుకోవడం కూడా ఆపేశారు. నా పదకొండు డిస్కులూ డబ్బిచ్చి కొన్నవే. ఇప్పుడు ఆడినంతసేపూ డిస్కు గిర్రున తిరగాల్సిందే. ఇక్కడి ఉప్పుగాలికి స్క్రూలే తుప్పు పట్టిపోతాయి, డిస్కు చదివే లెన్స్ ఎన్నాళ్లు ఆగుతుంది? కాలవ తూము మూస్తే అడగను, మా పెరట్లో నుయ్యి పూడుస్తానంటే ఊరుకోవాలా?

భీమవరం నుంచి:
తమ్ముడూ, నీ బాధ నిజమే. కానీ గోడల అవతలున్నవాళ్లని కూడా చూసి కాల్చే దొంగాటగాళ్లతో ఏడాదిపాటు విసిగిపోయాను. చిప్పున్న మెషీన్‌ని కంపెనీ ఎలా నమ్ముతుంది? కొనేముందే నెట్‌కి కలిపి చూసుకోవాల్సింది.

పాలకొల్లు, రిపేరు షాపు:
ఆన్‌లైన్ ఆపడం వేరు, మెషీన్ పని తగ్గించడం వేరండి. 2010 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ 3కి 3.21 అప్‌డేట్ ఇచ్చి దాన్ని కంప్యూటర్‌లా వాడుకోవడానికి లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకునే వీలు తీసేశారు. అది మొదట సోనీ తానే ఇచ్చిన సదుపాయం! అప్‌డేట్ వద్దంటే ఆన్‌లైన్ ఆట ఉండదు. చిప్పు పెట్టనివాళ్లకీ అదే గతి. అమెరికాలో కేసు వేస్తే చివరికి డబ్బు కట్టి రాజీపడ్డారు.
మీ లెన్స్ సంగతి: చాలా కన్సోళ్లలో డిస్క్ డ్రైవుకీ మదర్‌బోర్డుకీ తాళం, తాళంచెవి లాంటి లంకె ఉంటుంది. కొత్త డ్రైవు తెచ్చి బిగిస్తే చదవదు. పాత డ్రైవులో ఉండే చిన్న బోర్డుని కొత్తదానికి మార్చాలి. అది పాడైతే మాత్రం నేనూ ఏం చేయలేను, కాబట్టి మీ పాతది పారేయకండి.

అంతర్వేది నుంచి:
భీమవరం అన్నా, దొంగాటగాళ్లని ఆపమనే నేనూ అంటున్నా. కానీ ఇంట్లో మా చెల్లీ నేనూ ఆడుకుంటే ఎవరి ఆట పాడవుతుంది?
పాలకొల్లు అన్నయ్యా, చిప్పు తీసేస్తే నిషేధం పోతుందా?

పాలకొల్లు, రిపేరు షాపు:
పోదండి. అది ఆ కన్సోల్ నంబరు మీదే పడి ఉంటుంది.

అంతర్వేది నుంచి:
తప్పు సరిచేసుకున్నా దారి లేదన్నమాట, అదే నాకు అన్యాయంగా ఉంది. అయినా తీయించేస్తాను. ఆదివారం సఖినేటిపల్లి రేవులో పంటెక్కి వస్తున్నా, షాపు తీసే ఉంచండి. ఎప్పుడైనా అమ్మితే మాత్రం ఈ సంగతంతా కాగితం మీద రాసిచ్చే అమ్ముతాను.