కౌన్సిల్ మీటింగ్‌లో అడిగించాలా, సోమవారం అర్జీ పెడితే చాలా? బెజవాడ వాళ్ళు చెప్పండి (2026 మార్చికి ముందు జరిగిన చర్చ)

పటమట పాతకాపు:
విజయవాడ కార్పొరేషన్‌లో ఇప్పుడున్న కౌన్సిల్‌కి 2026 మార్చితో ఐదేళ్ళు నిండుతాయి. 2021 మార్చిలో ఎన్నికలయ్యాయి కదా, 64 డివిజన్లకి, ఆ లెక్కన ఇంక మిగిలింది బడ్జెట్ సమావేశం, మహా అయితే ఇంకొకటి. దీని మీద మా వీధి సంఘం రెండుగా చీలింది. బడ్జెట్ రాకముందే కాలువ, మంచినీళ్ళు, వీధి దీపాలు అన్నీ ఒక కాగితం మీద పెట్టి కార్పొరేటర్‌కిచ్చి కౌన్సిల్‌లో అడిగించాలని కొందరు. అదంతా దండగ, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్ళి అర్జీ పెడితే నంబరు ఇస్తారు, లేదా 1100కి ఫోన్ చేస్తే చాలని ఇంకొందరు. నేను మొదటి వాళ్ళ వైపు. అర్జీ పెడితే మన గుమ్మం ముందు పూడిక తీస్తారు, సరే, ఆ నీళ్ళు పోయి కలవాల్సిన పెద్ద కాలువ సంగతి ఎవరికి చెప్పుకోవాలి? డబ్బు ఎక్కడ పెట్టాలో తేలేది బడ్జెట్లో కదా. మీరేమంటారు? పార్టీల గోల మాత్రం వద్దు దయచేసి.

సింగ్‌నగర్ శీను:
పార్టీల గోల వద్దంటే కౌన్సిల్ గురించి ఇంకేం మాట్లాడతాం అన్నా. ఏ ఊరి కౌన్సిలైనా చూడండి, పొద్దున్నంతా పోడియం దగ్గర అరుపులు, మధ్యలో వాకౌట్, చివర్లో అంశాలన్నీ గబగబా చదివి ఆమోదం, ఆమోదం, ఆమోదం. మనకి నిజంగా తగిలిన దెబ్బలు ఏవి అక్కడ తేలాయో ఒక్కటి చెప్పండి. ఆస్తి పన్ను అద్దె విలువ నుంచి మూలధన విలువకి, అంటే ఆస్తి ఖరీదుకి మారింది, ఇళ్ళకి 0.10 నుంచి 0.50 శాతం మధ్య, ఏడాదికి పెంపు 15 శాతం మించకూడదు అన్నారు, అదంతా రాష్ట్రం చేసిన చట్టం. దాని వెనక మళ్ళీ ఢిల్లీ ఉంది, 2020లో కరోనా టైములో రాష్ట్రాలకి అప్పు పరిమితి పెంచుతూ పెట్టిన షరతుల్లో పట్టణాల పన్నులు మార్చాలన్నది ఒకటి. చెత్త పన్ను సంగతీ అంతే. 2021 అక్టోబర్ 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) అని మొదలెట్టి ఇంటింటికీ నెలవారీ వసూలు అన్నారు, 2024 చివర్లో రద్దు చేశారు. పెట్టిందీ పైనే, తీసిందీ పైనే. మధ్యలో మన కార్పొరేటర్ చేసింది చెయ్యెత్తడం. అలాంటి చోటికి వినతి పత్రం పట్టుకెళ్ళి ఏం లాభం?

పటమట పాతకాపు:
శీనూ, నువ్వు చెప్పిన ఆస్తి పన్ను చట్టం ఎప్పుడొచ్చింది? 2020 చివర్లో. అప్పుడు విజయవాడలో కౌన్సిలే లేదు. 2019 జూలైలో గడువు అయిపోయింది, మళ్ళీ వచ్చింది 2021 మార్చిలో. విశాఖలో అయితే 2012 నుంచి 2021 దాకా తొమ్మిదేళ్ళు లేదు. అంటే ఇంత పెద్ద మార్పు వచ్చేటప్పుడు రెండు పెద్ద ఊళ్ళలోనూ జనం తరఫున నిలబడి "ఇదేంటి" అని అడగడానికి ఎన్నికైన మనిషి ఒక్కడూ లేడు. కౌన్సిల్ పనికిరాదనడానికి నువ్వు చెప్పిన ఉదాహరణే కౌన్సిల్ ఎందుకు కావాలో చెప్తోంది.

సింగ్‌నగర్ శీను:
తర్వాత వచ్చిన కౌన్సిల్ ఏం ఉద్ధరించింది మరి? కొత్త పన్ను అమల్లోకొచ్చింది 2021లోనే, అప్పటికి కౌన్సిల్ కూర్చునే ఉంది. ఆగిందా? ఇంకో మాట, 2010 నుంచి 2014 దాకా కూడా మనకి కౌన్సిల్ లేదు. ప్రత్యేకాధికారి పాలనే. చెత్త బండి ఆగలేదు, కుళాయిలు ఆగలేదు. నిజం చెప్పాలంటే తేడా తెలిసిన వాళ్ళు ఎంతమంది?

కొండ మీద ఇల్లు:
తేడా తెలిసేది కింద రోడ్డు మీద ఉన్న వాళ్ళకి కాదు లెండి. చెత్త బండి మీ గుమ్మం ముందుకొస్తుంది కాబట్టి ఎవరున్నా లేకపోయినా మీకు ఒకటే. కొండ ప్రాంతంలో నీళ్ళు మోటారు పెట్టి ఎక్కించాలి, మెట్లు వేయించాలి, రక్షణ గోడ కట్టించాలి. మొగల్రాజపురంలో 2024 ఆగస్టు 31న కొండచరియలు విరిగి ఇళ్ళ మీద పడితే మనుషులు పోయారు. రక్షణ గోడ అర్జీతో వచ్చే పని కాదు, లక్షల్లో అంచనా వేసి బడ్జెట్లో పెట్టాల్సిన పని, అందుకని నేను పాతకాపు గారి వైపే. కానీ ఒక మాట ఆయనకి కూడా. మీ వీధి సంఘంలో ఈ చర్చ జరిగినప్పుడు ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారు? నీళ్ళ వంతు కాసేది మేము, కాలువ కంపు భరించేది మేము, మీటింగ్ పెట్టేదేమో మేం పనుల్లోకి పోయిన టైముకి. ముందు వరుస కుర్చీలు ఎప్పుడూ మీవే.

పటమట పాతకాపు:
ఉన్నారు మేడమ్, ఇద్దరు. సెక్రటరీ గారి భార్య, వాళ్ళ వదిన. మీరు నవ్వుకోవచ్చు.

పేరు చెప్పను:
సోమవారం అర్జీ అంటున్న వాళ్ళకి నా అనుభవం. మాది కోస్తాలో ఒక మున్సిపాలిటీ, ఊరి పేరు వద్దు, ఇంకా అక్కడే బతకాలి. మ్యాన్‌హోల్ మూత విరిగిందని అర్జీ పెట్టాను. నంబరిచ్చారు, బ్రహ్మాండం. కొన్నాళ్ళకి మీ సమస్య పరిష్కరించబడింది అని మెసేజ్. ఫోటో కూడా పెట్టారు. మూత కొత్తదే, కానీ వీధి మాది కాదు, వెనక ఉన్న గోడ మీద సినిమా పోస్టరుంది, మా వీధిలో అలాంటి గోడే లేదు. మళ్ళీ అర్జీ పెడితే "ఇది ఇదివరకే మూసేసిన ఫిర్యాదు" అన్నారు. వాళ్ళకి పైనుంచి ఎన్ని పెండింగ్ ఉన్నాయని టెన్షన్, కాబట్టి మూసెయ్యడమే పని. కౌన్సిల్‌లో అడిగితే అవుతుందని నేననను, కానీ నంబరు వచ్చిందంటే పని అయిపోయినట్టే అనుకోకండి.

ఖమ్మం కుర్రాడు:
పక్కూరోణ్ణి, ఒక మాట చెప్పొచ్చా? మీకు బుడమేరు వాగు వరద వచ్చిన రోజే, 2024 సెప్టెంబర్ 1న, మాకు మున్నేరు వచ్చింది కాబట్టి బాధ ఒకటే. మా దగ్గర 2019 మున్సిపల్ చట్టంలో వార్డు కమిటీలు రాశారు. యువకులు, మహిళలు, వృద్ధులు, ఊళ్ళో పేరున్నవాళ్ళు అని నాలుగు కమిటీలు, ఒక్కోదాంట్లో పదిహేను మంది, అంటే వార్డుకి అరవై మంది. చదివితే అద్భుతంగా ఉంటది. కానీ మీ వార్డు కమిటీల్లో ఉన్నదెవరని మా దోస్తుల్ని అడిగితే ఒక్కరు చెప్పలేకపోయిండ్రు. చట్టంలో సీటు పెట్టినంత మాత్రాన జనం వచ్చి కూర్చోరు, కూర్చున్నా వాళ్ళ మాటకి డబ్బు కేటాయించే అధికారం లేకపోతే ఒకసారి వచ్చి రెండోసారి రారు.

గవర్నర్‌పేట గుమస్తా:
అందరూ కౌన్సిల్ అంటున్నారు గానీ అసలు పని ఎక్కడ జరుగుతుందో ఎవరూ చెప్పలేదు. నేను మున్సిపల్ శాఖలో చేసి రిటైరైన వాణ్ణి, ఏ ఊరో అడక్కండి. బడ్జెట్ అంచనా కమిషనర్ దగ్గర తయారై ముందు స్టాండింగ్ కమిటీకి, అంటే కార్పొరేటర్లలో కొందరితో ఉండే చిన్న కమిటీకి వెళ్తుంది, అది దాటాక కౌన్సిల్‌కి వస్తుంది. కౌన్సిల్ హాల్లో బల్ల గుద్దే రోజుకి అంకెలు చాలావరకు గట్టిపడిపోయి ఉంటాయి. ఆ రోజు జీరో అవర్లో మీ కార్పొరేటర్ చేత మీ వీధి పేరు అనిపించుకుంటే మర్నాడు పేపర్లో ఒక ముక్క వస్తుందేమో, కాలువ రాదు. కావాలనుకుంటే స్టాండింగ్ కమిటీకి ముందే వెళ్ళాలి. రెండోది, అంచనా లేని పని తీర్మానంలోకి ఎక్కదు. "మా కాలువ బాగు చేయించండి" అన్న కాగితానికి విలువ లేదు. ఏ చివర నుంచి ఏ చివర దాకా, ఎన్ని మీటర్లు, నీళ్ళు ఎందులో కలవాలి, అడ్డం ఎక్కడుంది, ఇవి రాసి, వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీతోనో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్)తోనో కొలిపించి అంచనా వేయించాలి. ఆ కాగితం ఉంటే కార్పొరేటర్ ఏ పార్టీ అయినా మాట్లాడగలడు. లేకపోతే ఎంత మంచివాడైనా గొంతు చించుకోవడమే.

సింగ్‌నగర్ శీను:
గుమస్తా గారు చెప్పింది బావుంది, కానీ అది కూడా నా మాటే కదా. కౌన్సిల్‌లో ఏమీ లేదు, ఆఫీసులోనే ఉంది అని. ఇంకా చెప్తాను. సెప్టెంబర్ వరదలో మా ఏరియా, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మునిగింది బుడమేరు కట్టకి గండ్లు పడి. బుడమేరు నీటిపారుదల శాఖది. కౌన్సిల్ ఎంత మంచి తీర్మానం చేసినా ఆ కట్ట మీద ఒక తట్ట మట్టి వేసే అధికారం దానికి లేదు. ఇటు ఊళ్ళో వర్షపు నీటి కాలువల కోసం కేంద్రం ఇచ్చిన 461 కోట్లతో మొదలెట్టిన పని మధ్యలో ఆగి ఏళ్ళు గడిచాయి, దాని మీద ఎంతమంది ఎన్నిసార్లు అడిగుంటారు? ఇళ్ళల్లో పీకల దాకా నీళ్ళొచ్చాక హెలికాప్టర్లో పులిహోర పొట్లాలు వేశారు. నాకు మీటింగ్ అంటే మంట ఎందుకో ఇప్పుడర్థమైందా?

కొండ మీద ఇల్లు:
అర్థమైంది శీనూ. మంట ఉంది కాబట్టే నువ్వు వెళ్ళాలి అంటాను నేను. నువ్వు వెళ్ళకపోతే అక్కడ కూర్చునేది కాంట్రాక్టరు బావమరిది.

టెక్సాస్‌లో బెజవాడోడు:
మా అమ్మానాన్న పటమటలోనే ఉంటారు కాబట్టి మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నా. ఇక్కడ సిటీ కౌన్సిల్ ఎజెండా ముందే బయట పెట్టాలి, ఎజెండాలో ఉన్న అంశం మీద మామూలు మనిషి వచ్చి మాట్లాడతానంటే కాదనకూడదు, చట్టంలోనే ఉంది. కాకపోతే నిమిషాలు లెక్కపెట్టి ఇస్తారు, గంట మోగగానే ఆపాలి. జవాబు చెప్పాలని లేదు, వింటారు, అంతే. కానీ రికార్డవుతుంది. అక్కడ కూడా ఎజెండా తెలుగులో వారం ముందు వెబ్‌సైట్లో పెట్టి, సమావేశం లైవ్ ఇస్తే చాలు, సగం గొడవ తగ్గుతుంది.

సింగ్‌నగర్ శీను:
వచ్చారండీ అమెరికా నుంచి. లైవ్ పెడితే మనవాళ్ళు ఇంకో రెండు మైకులు విరగ్గొడతారు, కెమెరా కోసం.

గవర్నర్‌పేట గుమస్తా:
ఆ మాట నవ్వులాటకి అన్నా నిజముంది. కానీ ఎజెండా ముందే బయట పెట్టడం విషయంలో మాత్రం ఆ అబ్బాయిదే రైటు. ప్రధాన ఎజెండా సభ్యులకి ముందుగానే చేరుతుంది, దొంగతనం జరిగేది అనుబంధ ఎజెండాలో, టేబుల్ ఐటమ్స్‌లో. అప్పటికప్పుడు బల్ల మీద పెట్టి ఆమోదం చేయించే అంశాల్లో స్థలాల లీజులు, కాంట్రాక్టు పొడిగింపులు దూరిపోతుంటాయి. జనం అడగాల్సిన మొదటి ప్రశ్న కాలువ గురించి కాదు నన్నడిగితే, టేబుల్ ఐటమ్స్ ఎందుకు పెట్టారు అని. ఇది ఏ ఒక్క ఊరినీ అనడం లేదు, ఉద్యోగంలో తిరిగిన చోటల్లా చూశాను.

పేరు చెప్పను:
రాజ్యాంగంలోనే మూడు లక్షల జనాభా దాటిన ఊళ్ళలో వార్డు కమిటీలు ఉండాలని ఉంది, 243ఎస్. 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. ముప్పై ఏళ్ళు దాటింది. మన వీధిలో వార్డు కమిటీ సమావేశం ఫలానా రోజు అని బోర్డు చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి.

ఖమ్మం కుర్రాడు:
నేను చూడలే.

పటమట పాతకాపు:
నేనూ చూడలేదు. సరే, మా సంఘం సంగతి చెప్తాను. గుమస్తా గారి మాట చదివాక పాత వినతి పత్రం పక్కన పెట్టేశాం, అందులో తొమ్మిది సమస్యలున్నాయి, ఒక్కదానికీ కొలత లేదు. ఇప్పుడు ఒక్క కాలువే రాస్తున్నాం. టేపు పట్టుకుని కొలవడానికి కుర్రాళ్ళు సరే అన్నారు. శీనూ, మీ వైపు కూడా ఇలా ఒకటి రాసుకొస్తే రెండు డివిజన్ల కార్పొరేటర్లకీ కలిపి ఇద్దాం. వాళ్ళది ఒక పార్టీయా రెండా అన్నది మనకెందుకు.

సింగ్‌నగర్ శీను:
రాస్తాను. కానీ నమ్మి రాయడం లేదు, ముందే చెప్తున్నా. మార్చి తర్వాత ఆ కార్పొరేటర్లు మాజీలు అవుతారు, అప్పుడు ఈ కాగితం ఎవరి దగ్గరుంటుంది? ప్రత్యేకాధికారి వస్తే ఆయన "నాకు తెలియదు" అంటాడు. అందుకని ఒక కాపీ సోమవారం అర్జీగా కూడా పెడతాను, నంబరు ఉంటుంది కాబట్టి. మీరు ఒప్పుకున్నా లేకపోయినా నా పద్ధతి నాది.

గవర్నర్‌పేట గుమస్తా:
పెట్టుకో నాయనా, తప్పేముంది. కాకపోతే అర్జీలో "కాలువ పూడిక తీయండి" అని రాస్తే పూడిక తీసి మూసేస్తారు. "కొత్త కాలువకి అంచనా వేసి, ఆ కాపీ నాకివ్వండి" అని రాయి. అలా రాస్తే ఫోటో పెట్టి మూయడం కుదరదు.

కొండ మీద ఇల్లు:
గుమస్తా గారూ, స్టాండింగ్ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో ముందుగా మాకెలా తెలుస్తుంది? పేపర్లో చూసేసరికి అయిపోయి ఉంటుంది.

గవర్నర్‌పేట గుమస్తా:
మీ కార్పొరేటర్‌ని అడగొద్దమ్మా, ఆయన "చెప్తాలే" అంటాడు. స్టాండింగ్ కమిటీలో సభ్యులెవరో కనుక్కుని వాళ్ళలో ఒకరిని అడగండి, వాళ్ళ ఇంటికి ఎజెండా వస్తుంది. అవతలి పార్టీ సభ్యుడు దొరికితే ఇంకా మంచిది, వాళ్ళు కాపీ కూడా ఇచ్చేస్తారు.