సేల్స్ కాల్స్: ఎత్తి తేల్చెయ్యాలా, అసలు ఎత్తకూడదా?

రాత్రి డ్యూటీ:
నిన్న డ్యూటీ దిగి వచ్చి పడుకున్నాను. అప్పుడే కన్నంటుకుంది, ఫోన్ మోగింది. "సార్, మీకు ప్రీ అప్రూవ్డ్ లోన్..." పెట్టేశాను. అరగంటకి అదే గొంతు, వేరే నంబరు. ఇప్పటికి 9 నంబర్లు బ్లాక్ చేశాను. మా ఆవిడ "ఎత్తకండి, వాళ్లే పోతారు" అంటుంది. మా తమ్ముడేమో "ఎత్తి పది నిమిషాలు ఆడించు" అంటాడు. ఆసుపత్రి ఉద్యోగం నాది, తెలియని నంబరైనా ఎత్తాల్సిందే. మీరంతా ఏం చేస్తున్నారు?

మౌనవ్రతం:
మీ ఆవిడ మాటే రైటు. ఎత్తారంటే ఆ నంబరు వెనక మనిషున్నాడని తెలిసిపోతుంది. పలికే నంబర్ల లిస్టుకే గిరాకీ ఎక్కువ. నేనైతే కాంటాక్ట్స్‌లో లేనివాళ్ల కాల్స్ మోగకుండా సెట్టింగ్ పెట్టేశాను. ఐఫోన్‌లో అది 2019 నుంచీ ఉంది. పనున్నవాళ్లు మెసేజ్ పెడతారు.

రాత్రి డ్యూటీ:
వార్డులో ల్యాండ్‌లైన్ నుంచి చేసేవాళ్లు మెసేజ్ ఎలా పెడతారండీ?

పాత హెడ్‌సెట్:
నేను రెండేళ్లు ఆ కాల్స్ చేసే కుర్చీలో కూర్చుని వచ్చినవాణ్ణి. తిట్టేముందు కాస్త వినండి.

నంబర్లు మేం నొక్కం. డయలర్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఎలాగూ అందరూ ఎత్తరు కదా అని, హాల్లో ఉన్న ఏజెంట్ల కంటే ఎక్కువ నంబర్లకి ఒకేసారి కాల్ పెడుతుంది. మీరు "హలో" అన్నాక రెండు సెకన్లు నిశ్శబ్దం, ఆ తర్వాత జనం గోల వినిపిస్తుంది చూడండి, అప్పుడే మీరు ఖాళీగా ఉన్నవాడి చెవిలో పడ్డారన్నమాట. లెక్క తప్పి ఎక్కువమంది ఎత్తితే ఎవరూ మాట్లాడకుండానే కట్ అయిపోతుంది.

కాల్ అయ్యాక స్క్రీన్ మీద ఏదో ఒక బటన్ నొక్కితేనే తర్వాతి కాల్ వస్తుంది. ఎత్తలేదు, మళ్లీ చెయ్యమన్నారు, వద్దన్నారు, ఇక చెయ్యొద్దన్నారు. అసలు కథంతా ఇక్కడే ఉంది. మీరు ఎత్తకపోతే కొన్ని గంటలకి మళ్లీ వరుసలోకి వస్తారు. మొహమాటానికి "మీటింగ్‌లో ఉన్నా, తర్వాత చూద్దాం" అన్నారా, అది "మళ్లీ చెయ్యమన్నారు" కింద పడుతుంది. మాకు అంతకంటే కావాల్సిందేముంది? ఒట్టి "వద్దు" అన్నా కొన్నాళ్లకి ఇంకో స్కీము పట్టుకుని వస్తాం. "నా నంబరు లిస్టులోంచి తీసెయ్యండి, ఇక చెయ్యొద్దు" అంటేనే ఆఖరి బటన్. ఆ మాట నాతో స్పష్టంగా అన్నవాళ్లు చాలా తక్కువ. తిట్టినవాళ్లు బోలెడు. తిట్టుకి మా దగ్గర బటన్ లేదు.

ముక్కుసూటి:
ఆ మాట నేనూ అన్నాను. నెల తిరక్కుండా మళ్లీ వచ్చారు. దీనికేమంటారు?

పాత హెడ్‌సెట్:
మా ఏజెన్సీ తీసేసినా, అదే లిస్టు ఇంకో ఏజెన్సీ దగ్గరుంటే వాళ్లకి మీరు కొత్త మనిషే. అందుకే "ఏ ఏజెన్సీ మీది, నా నంబరు ఎవరిచ్చారు" అని అడగాలి. సరిగ్గా పనిచేసేవాడు చెబుతాడు. చెయ్యనివాడు ఠక్కున పెట్టేస్తాడు, అక్కడే తేడా తెలిసిపోతుంది.

తిక్కలోడు:
ఇంత మర్యాద ఎందుకండీ? నేను ఫోన్ స్పీకర్‌లో పెట్టి బట్టలు మడతపెట్టుకుంటూ "ఆహా, అలాగా, మళ్లీ చెప్పండి" అంటుంటా. బ్రిటన్‌లో ఓ2 ఫోన్ కంపెనీ 2024లో ఏకంగా డెయిజీ అని ఒక ఏఐ బామ్మనే తయారు చేసింది, ఊసుపోక కబుర్లతో వాళ్లని లైన్లో కట్టిపడెయ్యడానికి.

పాత హెడ్‌సెట్:
ఆ బామ్మను వదిలింది మోసగాళ్ల మీదకి, లోన్ అమ్ముకునే కుర్రాళ్ల మీదకి కాదు. పది నిమిషాలు విన్నారంటే మీ పేరు పక్కన "ఆసక్తి ఉంది" అని పడుతుంది. పోయేది ఆ కుర్రాడి టార్గెట్, కంపెనీకి పోయేదేం లేదు.

తిక్కలోడు:
అతని టార్గెట్ గురించి నేనెందుకు బెంగపడాలి? మన నిద్ర గురించి అతను పడుతున్నాడా?

ముక్కుసూటి:
మీ ఇద్దరి పోట్లాట సరే, ఫిర్యాదు మాట ఎవరూ ఎత్తరేం? "మాకు చెయ్యొద్దు" అనే రిజిస్టర్లు బ్రిటన్‌లో 1999 నుంచి, అమెరికాలో 2003 నుంచి, ఇండియాలో 2007 నుంచి ఉన్నాయి. అవి రూలు పాటించేవాణ్ణే ఆపుతాయి, నిజమే. మిగతావాళ్లకి ఫిర్యాదే మందు. ఇండియాలో ప్రచారం కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలి. మామూలు పదంకెల మొబైల్ నంబరు నుంచి వచ్చిందంటే అదే తప్పు. 1909కి గానీ, టెలికాం కంపెనీల మీద నిఘా ఉంచే ట్రాయ్ సంస్థ డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్) యాప్‌లో గానీ చెప్పొచ్చు. 2025 ఫిబ్రవరిలో రూల్స్ మార్చి, ఫిర్యాదుకి 3 రోజులున్న గడువుని 7 రోజులు చేశారు. 10 రోజుల్లో 5 ఫిర్యాదులు చేరితే ఆ నంబరు మీద చర్య మొదలవుతుంది. బ్లాక్ చేస్తే మీ ఒక్క ఫోన్‌లోనే ఆగుతుంది. 9 బ్లాకులంటే మీరు పెట్టని ఫిర్యాదులు 9 అన్నమాట.

మౌనవ్రతం:
నంబరే దొంగదైతే? ఒకసారి ఎవరో పెద్దాయన నాకు ఫోన్ చేసి "పొద్దున్నించి ఇన్సూరెన్స్ అంటూ నా ప్రాణం తీస్తున్నావు" అని దులిపేశాడు. నేను ఎవరికీ చెయ్యలేదు. ఎవడో నా నంబరు కనపడేలా చేస్తున్నాడు. అందుకే అమెరికాలో 2021 నుంచి పెద్ద టెలికాం కంపెనీలు కాల్ నిజంగా ఆ నంబరుదేనా అని సరిచూడాలని రూలు పెట్టారు. మీరు ఫిర్యాదు చేస్తే ఇరుక్కునేది నేను.

ముక్కుసూటి:
ఆ ఇబ్బంది ఉంది, కాదనను. కానీ మీకైనా మీ నంబరు వాడుకుంటున్నారని తెలిసింది ఆయన ఊరుకోకపోబట్టే కదా.

రాత్రి డ్యూటీ:
ఇవాళ రెండొచ్చాయి. మొదటివాడితో హెడ్‌సెట్ గారు చెప్పినట్టే అన్నాను. క్షణం ఆగి, టక్కుమని మౌస్ చప్పుడు, "సరే సార్" అన్నాడు. నంబరు ఎక్కడిదంటే మాత్రం "సిస్టమ్‌లో వచ్చింది" అన్నాడు. రెండోది ఉత్త రికార్డింగ్. "ఈ కాల్స్ వద్దనుకుంటే 9 నొక్కండి" అంది. నొక్కాలా?

పాత హెడ్‌సెట్:
నొక్కకండి. అవతల మనిషే లేడు, మీరున్నారని చెప్పినట్టవుతుంది, అంతే. నంబరు, టైమ్ రాసుకుని పెట్టెయ్యండి, ముక్కుసూటి గారు చెప్పిన చోట వెయ్యండి.