హాబ్సన్స్ ఛాయిస్: అర్థమూ, పుట్టుకా

‘హాబ్సన్స్ ఛాయిస్’ అనే ఇంగ్లీషు నానుడిని కొందరు ‘ముందు నుయ్యి, వెనుక గొయ్యి’ అనే అర్థంలో వాడుతుంటారు. ఈ రెంటికీ పొత్తు కుదరదు. నుయ్యీ గొయ్యీ అన్నచోట దారులు రెండున్నాయి, రెండూ చెడ్డవే. హాబ్సన్ పేరు చెప్పినచోట ఉన్న దారి ఒక్కటే. అది పుచ్చుకోవాలి, లేదా వట్టి చేతులతో వెళ్లాలి. తత్త్వవేత్త థామస్ హాబ్స్‌కు దీన్ని అంటగట్టేవారూ ఉన్నారు గాని, ఆయనకు దీనితో ఏ సంబంధమూ లేదు.

థామస్ హాబ్సన్ కేంబ్రిడ్జికీ లండన్‌కూ మధ్య సరుకులూ ఉత్తరాలూ చేరవేసే బండ్లు నడిపినవాడు. గుర్రాలను అద్దెకిచ్చే లాయం కూడా ఆయనకు ఉండేది. 1712లో ‘స్పెక్టేటర్’ పత్రికలో రిచర్డ్ స్టీల్ రాసిన ప్రకారం అందులో నలభై గుర్రాలుండేవి. బూట్లు, కళ్లెం, కొరడా కూడా అక్కడే సిద్ధంగా దొరికేవి. విశ్వవిద్యాలయపు కుర్రవాళ్లు గుర్రాలను ఒళ్లు తెలియకుండా పరుగెత్తించేవారు. ఎవరికి నచ్చినదాన్ని వారికి ఇస్తూ పోతే మేలైన నాలుగు గుర్రాలే రోజూ సవారీకి వెళ్లి నడుము విరిగిపోతాయి, తక్కినవి మేత మేస్తూ ఊరకే నిలబడతాయి. అందుకని వచ్చినవాడు ఎంతటి వాడైనా తలుపు దగ్గరున్న గుర్రాన్నే తీసుకోవాలని ఆయన కట్టడి చేశాడు. వాడుకలో ఈ నానుడికి మొండితనపు వాసన పట్టింది గాని, ఆ కట్టడిలో నాకు కనిపించేది నోరులేని జీవాల పట్ల న్యాయం. గుర్రాలన్నిటికీ శ్రమ సమానంగా అందేదని స్టీల్ కూడా మెచ్చుకున్నాడు.

1630లో ప్లేగు మూలంగా లండన్ ప్రయాణాలు నిషేధించారు. 1631 జనవరిలో హాబ్సన్ కన్నుమూశాడు. అప్పుడు కేంబ్రిడ్జిలో చదువుకుంటున్న కవి మిల్టన్, పని లేకపోవడమే ఆయన ప్రాణం తీసిందంటూ రెండు పద్యాలు రాశాడు.

‘సామెత చెప్పినట్టు’ అంటూ ఇంగ్లీషు రచయిత శామ్యూల్ ఫిషర్ ఈ మాటను 1660లో వాడి, ‘ఇదైనా తీసుకో, లేదా ఏదీ లేదు’ అనే అర్థాన్ని కూడా పక్కనే వివరించాడు. అంతకంటే ముందు, హాబ్సన్ బ్రతికి ఉండగానే, 1617లో జపాన్‌లోని హిరాడో నుంచి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి రిచర్డ్ కాక్స్ రాసిన ఉత్తరంలో ఇదే నానుడి కనిపిస్తుంది: అక్కడివారు ఇచ్చిన హక్కులే పుచ్చుకోవాలి, లేదా అవీ లేకుండా ఉండాలి అని ఆయన బాధ. కాని అందులో ఉన్న పేరు ‘హాబ్సన్’ కాదు, ‘హాడ్జ్‌సన్’. ఆ కాలంలో పేర్లకు స్థిరమైన వర్ణక్రమం లేదు కాబట్టి ఇద్దరూ ఒకరే కావచ్చు. అంతకుముందే ఉన్న ఏదో నానుడికి పేరుపొందిన బండివాడి పేరు తరువాత అతుక్కొని ఉండనూవచ్చు. నా మొగ్గు మొదటిదాని వైపే. విద్యార్థులూ వర్తకులూ ఎడతెగక తిరిగే దారిలో పుట్టిన మాట ఓడలెక్కి హిరాడో చేరడంలో వింత లేదు.

తెలుగులో దీనికి నేను వాడేది ‘తీసుకుంటే ఇది, లేకుంటే లేదు’ అన్న మాట. ఒక్క అభ్యర్థే నిలబడిన ఎన్నికకూ, ఊరంతటికీ ఒకే బడి ఉన్న తల్లిదండ్రుల స్థితికీ ఇది సరిపోతుంది. ఇద్దరు అయోగ్యుల మధ్య నలిగే ఓటరుకు మాత్రం నుయ్యీ గొయ్యే తగినవి.