జైలు నుంచి వచ్చినవాళ్ళకి పని ఇప్పించారా? మీ అనుభవం చెప్పండి

పాలమూరు_బిడ్డ: మా చిన్నాన్న చర్లపల్లి జైల్లో పన్నెండేళ్ళు ఉండి మొన్న విడుదలయ్యాడు. లోపల వడ్రంగం నేర్చుకున్నాడు. ఓ సెక్యూరిటీ ఏజెన్సీలో పెట్టించాం. పోలీస్ వెరిఫికేషన్ రాగానే ఆరో రోజున యూనిఫాం విప్పించి పంపేశారు. అప్పట్నుంచి గడప దాటట్లేదు. ఏం చేయమంటారు?

వెల్డింగ్_షాపు: నా దగ్గర ఒకాయన మూడేళ్ళుగా చేస్తున్నాడు. తీసుకొచ్చిన రోజే వాళ్ళ బావ అంతా చెప్పాడు, కేసేంటి, ఎన్నేళ్ళు అని. అందుకే పెట్టుకున్నా. అదే నెల తర్వాత ఇంకెవరి నోటో విని ఉంటే పంపేసేవాణ్ణేమో. దాచొద్దు తమ్ముడూ. అయినా చేతిలో పనున్న మనిషిని గేటు దగ్గర కూర్చోబెట్టడమెందుకు?

గోదారి_గట్టు: చంచల్‌గూడ, చర్లపల్లి వైపు జైళ్ళ శాఖ పెట్రోల్ బంకులున్నాయి. విడుదలైనవాళ్ళనీ అందులో తీసుకున్నారు. జైలు వెల్ఫేర్ ఆఫీసర్ని ఒకసారి కలవండి. 'మై నేషన్' పేరుతో అమ్మే ఫర్నిచర్, సబ్బులు కూడా లోపలివాళ్ళు చేసినవే. మీ చిన్నాన్నది చిన్న పనితనం కాదు.

టీకొట్టు_అక్క: మా అన్నయ్య 2014లో లోపలికెళ్ళాడు. తిరిగొచ్చాక మా కొట్లో కూర్చోబెట్టాం. మొదటిరోజు రాత్రి గల్లాలో నాలుగొందలే ఉన్నాయి. "నేను తియ్యలేదమ్మా" అని వణికిపోయాడు. జనమంతా స్కాన్ చేసి వెళ్ళారు, డబ్బు నా ఫోన్లో పడింది. ఆయన వెళ్ళేటప్పటికి ఈ ఫోన్‌పేలు ఎక్కడివి? చెప్పాలన్న ఆలోచనే మాకు రాలేదు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడే డబ్బు పడగానే పలికే డబ్బా తెచ్చిపెట్టా. ఇప్పుడది పలికిన ప్రతిసారీ కాగితం మీద గీత గీస్తాడు. వద్దని చెప్పలేదు నేను.

కోర్టు_మెట్లు: ప్రొబేషన్ మీద, అంటే జైలుకి పంపకుండా మంచి నడవడి షరతుతో వదిలినవాళ్ళయితే 1958 ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం శిక్ష వల్ల వచ్చే అనర్హత వాళ్ళకి అంటదు. మీ చిన్నాన్న శిక్ష అనుభవించి వచ్చారు, అది వర్తించదు. ముందు ఆధార్, బ్యాంకు ఖాతా చూడండి. రెండేళ్ళు లావాదేవీ లేకపోతే ఖాతా ఆగిపోతుంది, కేవైసీ ఇస్తే మళ్ళీ తెరుస్తారు. జీతం పడాలంటే అది కావాలి.

పాలమూరు_బిడ్డ: అక్కా, మీరు రాసింది చిన్నాన్నకి చదివి వినిపించా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "డబ్బా ఎంతవుతుందట?" అని అడిగాడు.

వెల్డింగ్_షాపు: షాద్‌నగర్‌లో నాకు తెలిసిన తలుపుల షెడ్డుంది. ఓనరుకి విషయమంతా చెప్పేశా, రమ్మన్నాడు. సోమవారం పొద్దున తీసుకురా తమ్ముడూ, నేనూ వస్తా. ఉలి, రంపం అక్కడే ఉంటాయి.