కెర్నెల్‌లో పాత ఫంక్షన్ల పేర్లు మార్చాలా, వద్దా?

పాలపిట్ట: 2019లో ఇంటెల్ ప్రాసెసర్ల లోపలి బఫర్ల (తాత్కాలిక నిల్వల) నుంచి డేటా లీకయ్యే ఎండీఎస్ లోపానికి విరుగుడుగా లినక్స్ కెర్నెల్‌లో (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) ఆ బఫర్లు తుడిచే ‘ఎండీఎస్_క్లియర్_సీపీయూ_బఫర్స్’ అనే ఫంక్షన్ రాశారు. తర్వాత టీఏఏ అనే అలాంటి లోపానికీ అదే వాడారు. 2025 జూలైలో ఏఎండీ ప్రాసెసర్లలో టీఎస్‌ఏ అనే లోపం బయటపడ్డాక పేరును ‘ఎక్స్86_క్లియర్_సీపీయూ_బఫర్స్’గా మార్చారు. మన సంస్థ వాడే కెర్నెల్ ప్రతిలో మిగిలిన పేర్లనూ ఇలాగే ఒక తీరుకు తేవాలంటాను. చేరిన కొత్తలో ఆ పాత పేరును నమ్మి, ఎండీఎస్ లేని యంత్రంలో ఇది నడవదనుకుని రెండు రోజులు ఎక్కడెక్కడో వెతికాను.

గచ్చిబౌలి గడియారం: బఫర్లు తుడిచే వీఈఆర్‌డబ్ల్యూ అనే ప్రాసెసర్ సూచన అసలు పని మెమరీ సెగ్మెంటులో రాయవచ్చో లేదో చూడడం. తుడిచే పని మైక్రోకోడ్‌తో (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాముతో) తర్వాత అంటగట్టారు. దాని పేరు కూడా మారుస్తారా?

కోఠి కుర్రాడు: ఇంతకీ ముందు ‘ఎక్స్86_’ ఎందుకు? ఆ ఫైలు ఉన్నదే ఎక్స్86 ఫోల్డరులో.

పాలపిట్ట: గడియారం గారూ, సిలికాన్ పేరు మన చేతిలో లేదు, కోడ్ పేరు ఉంది. ఇప్పుడు విరుగుళ్లకు సెలెక్ట్, అప్‌డేట్, అప్లై అని దశలున్నాయి. పేరు చూడగానే ఏ దశో తెలుస్తుంది.

గచ్చిబౌలి గడియారం: తెలుస్తుంది, మీకు. లినక్స్‌లో లేని పేరు మన దగ్గర పెడితే అక్కడి ప్యాచ్ (కోడ్ మార్పుల ముక్క) ఇక్కడ అతకదు. పోయిన సంక్రాంతికి అక్క వాళ్లింట్లో అరిసెలు పళ్లెంలో ఉండగానే ల్యాప్‌టాప్ తెరిచాను. ఎవరో పేరు మార్చినందుకు పదకొండు చోట్ల చేత్తో అతికించాను. ఒక చోట బఫర్లు తుడిచే పిలుపు జారిపోయింది. కంపైలర్ కిక్కురుమనలేదు. తెల్లవారుజామున మళ్లీ చదువుతుంటే కంటబడింది.

కోఠి కుర్రాడు: ‘ఎక్స్86_’ గురించి అడిగాను.

పాలపిట్ట: గడియారం గారూ, సంక్రాంతికి మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన ఆ పేరు మార్చింది నేనే. అప్పుడే చెప్పి ఉండాల్సింది.

గచ్చిబౌలి గడియారం: చెప్పాను. మార్పంటే భయమన్నారు. మీరు పేర్లు మార్చిన ప్యాచ్‌లు ఏడాది సమీక్షలో మీ ఖాతాలో పడ్డాయి. నేను అతికించినవాటికి రచయితలు వాటిని మొదట రాసినవాళ్లే. లెక్క తీస్తే ఆ ఏడాది నేను చేసిన పని సున్నా.

పాలపిట్ట: ప్యాచ్ అడుగున సంతకం వరుసలో మీ పేరు ఉంటుంది కదండీ?

గచ్చిబౌలి గడియారం: ఉంటుంది. సమీక్ష చేసేవాళ్లు అంత కిందికి రారు.

కోఠి కుర్రాడు: సరే, ‘ఎక్స్86_’ సంగతి రేపు.